ఆకురాయి కింద ములికి

ఆయన పోయాడన్న కబురూ, ఆయన బిస్కెట్ల డబ్బా ఒకే ఆటోలో మా ఇంటికి వచ్చాయి. రెంటినీ తెచ్చినవాడు ఆయన అల్లుడు. నిర్మల్ నుంచి ఏలూరు దాకా బస్సులు మారి, రైలెక్కి వచ్చిన మనిషి మంచినీళ్ళన్నా ముట్టకుండా డబ్బా నా ముందు పెట్టాడు.

"మా మామ మీకియ్యమన్నడు. గని ఊకెనే ఇయ్యద్దన్నడు."

"మరెలా ఇవ్వమన్నాడు?"

"ఒక్కొక్కటి తీసి సూపెట్టాల్నట. గుర్తువడితె మీయి. గుర్తువట్టకపోతె వాపసు దెమ్మన్నడు."

పోతూ పోతూ నాకు పరీక్ష పెట్టి పోయాడన్నమాట. ఆయన దగ్గర నేను ఏళ్ళ తరబడి తప్పుతూ వచ్చిన విద్యార్థిని. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్ళు తడిశాయి. అల్లుడు మర్యాద తెలిసినవాడు, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

డబ్బాలో ఉన్నవి బిస్కెట్లు కావు, బాణాల ములుకులు. అమెరికాలో ఇప్పటికీ కొందరు తుపాకి పక్కన పెట్టి విల్లంబులతోనే జింకల వేటకు వెళ్తారట. వాళ్ళ తాతల కాలంలో ఫ్యాక్టరీల్లో చేసిన ఉక్కు ములుకులు ఇవి. అరచేతిలో ఇమిడేంత, ఆకులా వెడల్పుగా, రెండు పక్కలా అంచుతో ఉంటాయి. వీటితో నిర్మల్ వైపు ఫిట్టరైన ఆయనకు ఏం పని, సౌదీలో ఖోబర్ పక్కన ఒక మెయింటెనెన్స్ కంపెనీ స్టోరులో బోల్టులకు నట్లను వెతికి పెళ్ళి చేసే నాకు ఏం పని అంటే, ముందు ఆయన 'మంచిది' గురించి చెప్పాలి.

ఆయన తిట్టగా నేను వినలేదు. గొంతు పెంచగా వినలేదు. కోపం వచ్చినకొద్దీ ఆయనలో మర్యాద పెరిగేది. మీసం కొసను వేలితో ఒకసారి సర్ది, "మంచిది" అనేవాడు. క్యాంపు మెస్సులో ఆ మాట వినపడితే తెలుగువాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని కొంచెం అవతలికి జరిగి కూర్చునేవాళ్ళు. అల్ అజీజియాలో ఒక మంగలి ఆయన మీసాన్ని ఎడమవైపు ఒక నూలుపోగంత ఎక్కువ కత్తిరించాడు. ఈయన అద్దంలో చూసుకుని "మంచిది" అని లేచాడు. ఆ తరువాత ఆ మంగలి కొట్టున్న సందులోకి ఆయన అడుగు పెట్టలేదు. బియ్యం కొనాలన్నా, చెప్పులు కుట్టించాలన్నా ఎండలో చుట్టు తిరిగి పోయేవాడు. మేమూ ఆయనతో ఉంటే చుట్టు తిరగాల్సిందే. ఆ మంగలికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. "వానికి తెల్వకపోతె ఏంది, నాకు ఎర్కనే గదా" అనేవాడు.

పెషావరు వైపు క్రేన్ ఆపరేటరు ఒకాయన అడగకుండా ఈయన మామిడికాయ పచ్చడి సీసా ఖాళీ చేశాడు. "ఖాన్ సాబ్, అచ్ఛా థా?" అని అడిగి, అచ్ఛా అనగానే "మంచిది" అన్నాడు. ఖాన్ గారికి తెలుగు రాదు కాబట్టి ఆశీర్వాదం అనుకున్నాడు. తరువాత ఇంటి నుంచి ఎప్పుడు పచ్చడి వచ్చినా ఈయన సీసా తీసుకెళ్ళి ఖాన్ గారి ఎదుటే మూత తీసి, అందరికీ వడ్డించి, ఆయన దగ్గరికి వచ్చేసరికి మూత పెట్టేవాడు. అందరికీ రాత్రులూ పగలూ ఉంటాయి, ఈయనకు పగలే ఉన్నాయి, అదీ బహువచనంలో అని నేను ఒకసారి అన్నాను. నాకు "మంచిది" రాలేదు. నా మాటలను పగ పట్టే స్థాయికి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

కువైట్ ఇరాక్ చేతిలో పడ్డ ఏడాది ఖోబర్ ఒక పెద్ద సంతలా మారింది. ఇవాళో రేపో యుద్ధమని అమెరికావాళ్ళు పెళ్ళాం బిడ్డలను పంపించేస్తూ ఇంటి సామానంతా కాలనీ గేట్ల ముందు పరిచారు. సోఫాలు, పిల్లల సైకిళ్ళు, గిలక్కాయల దగ్గర్నుంచీ పియానో దాకా. నేను ఒక ఇస్త్రీ పెట్టె కొన్నాను. అది వాళ్ళ దేశం కరెంటుకు తప్ప పనిచేయదని ఇంటికి తెచ్చాక తెలిసింది. ఆయన మాత్రం ఒక ముసలి మెషినిస్టు ముందు గొంతుక్కూర్చుని లేవడం లేదు. ముసలాయన ముందు ఒక విల్లు, కొన్ని అమ్ములు, ఈ బిస్కెట్ల డబ్బా. అమ్ములు అమ్మేవాడు దొరికాడు, ఇంకేం కావాలని నేను పక్కనే నిలబడ్డాను.

ముసలాయన బేరం ఆడలేదు. ఒక్కో ములికి తీసి చేతిలో పెట్టి, ఇదేమిటో చెప్పమన్నాడు. తెలియనివాడి చేతికిస్తే రేపు తుక్కులో పడేస్తాడని ఆయన బెంగ. మావాడు చెప్పలేకపోయాడు. ముసలాయన ఓపికగా నేర్పాడు, మళ్ళీ అడిగాడు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అలా నడిచి, అన్నీ సరిగ్గా చెప్పాక డబ్బా ఇచ్చాడు, విల్లూ అమ్ములూ కొసరు వేశాడు. తిరిగి వస్తూ క్యాంపు గేటు దగ్గర మావాడు ఒక మాట అన్నాడు.

"మా నాయినకు అసొంటిదే ఒకటుండె. ఇల్లు."

ఆయన 'ఇల్లు' అంటే విల్లు. మక్క చేను మీదికి అడవి పందులు దిగితే వాళ్ళ నాయిన మంచె మీద విల్లు పట్టుకుని కూర్చునేవాడట. ఆ ములుకులు ఊళ్ళో కమ్మరి బండి కట్టు ఇనుముతో కొట్టినవి. వాళ్ళ నాయిన ఇంకా ఉన్నాడు, మంచె ఎక్కడం మానేశాడు. "ఈసారి పోయినప్పుడు ఇయ్యి సూపెడత. ముసలోడు నవ్వుతడు" అన్నాడు.

ఆ వారం నుంచీ శుక్రవారం పొద్దున నాకు బడి. ఆయన మంచం మీద దుప్పటి పరిచి ములుకులు వరసగా పెట్టేవాడు. నేనూ ఆయన గదిలోనే ఉండడం నా దురదృష్టం.

"గిది పట్టుకో. ఏందిది?"

"ములికి."

"అది నీ మొకం జూసినా చెప్పొచ్చు. ఎన్ని రెక్కలు?"

"రెండు."

"గొట్టం దిక్కు జూడు. ఈ సీలిక ఎందుకున్నది?"

చూశాను. బాణపు కొయ్య దూరే గొట్టంలో అడ్డంగా సన్నటి చీలిక ఉంది. "పగిలినట్టుంది అన్నా."

"పగిలింది నీ తలకాయ. అండ్ల ఇంకో చిన్న బ్లేడు దూరుస్తరు, అడ్డంగ, రెండు దిక్కుల రెక్కలొచ్చేటట్టు. అది పోయింది, సీలిక మిగిలింది. అంటె ఇది రెండు రెక్కలది గాదు, నాలుగు రెక్కలది. లేనిదాన్ని గూడ సూడాలె."

లేనిదాన్ని చూడడం నాకు స్టోరులో అలవాటే. రిజిస్టరులో ఉండి అరలో లేని సామాను నా ఉద్యోగంలో సగం. కానీ ఈ విద్య ఒంటపట్టలేదు. రెక్కను గొట్టానికి రివెట్లు కొట్టి అతికించారా, కరెంటు వెల్డింగు చుక్కలతో అతికించారా, లేక ఇత్తడి కరిగించి పోశారా చూడాలి. అతుకు వెంట పసుపు గీత మెరిస్తే ఇత్తడి, అది అన్నిటికన్నా పాతది. గొట్టానికి అయస్కాంతం పట్టకపోతే అల్యూమినియం, కొత్త కాలానిది. రెక్కలో కిటికీల్లా బెజ్జాలుంటే ఎగిరేటప్పుడు ఈల వేస్తుంది, దాన్ని చెవితో కూడా గుర్తుపట్టొచ్చు. తుప్పు ఎర్రగా పైపైన ఉంటే నూనె గుడ్డతో పోతుంది, అంచు దగ్గర గుంటలు పడితే అది వాడడానికి పనికిరాదు, గోడకు పెట్టుకోవాలి. తుప్పు కింద అసలు రంగు కనిపిస్తుందేమో చూడకుండా వైరు బ్రష్షు తీస్తే మాత్రం ఆయన మర్యాద పెరిగేది.

అన్నిటికన్నా ముఖ్యం భుజం. రెక్క బాగా వెడల్పయ్యే చోటును ఆయన భుజం అనేవాడు. "పాత ఉక్కు మెత్తగుంటది. షాపుల కొన్నప్పుడు పదునుండది, కొన్నోడే ఆకురాయితోని పెట్టుకోవాలె. ఆకురాయి ఊకె పదును పెట్టదు, కొంచెం తింటది. భుజం ఎంత సన్నవడితె అన్ని వేటలు జూసినట్టు." ఒకే అచ్చులో పుట్టిన రెండు ములుకులు పక్కపక్కన పెట్టి, ఏది గోడకు వేలాడిందో ఏది అడవికి పోయిందో చెప్పమనేవాడు. యాభై శాతం అవకాశం ఉన్న ఆ ప్రశ్నలో కూడా నేను నూటికి నూరు తప్పేవాణ్ణి.

పదును చూసే పద్ధతి ఒక్కటి మాత్రం నాకు వచ్చింది. అంచును బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించాలి, నొక్కకూడదు. జారితే మొద్దు. గోరును పట్టుకుంటే పదును.

ఖతీఫ్‌లో ఒక ముసలి అరబ్బు ఖర్జూరపు తోటకు మా కంపెనీ పంపులు బాగు చేసేది. ఆయన కోళ్ళను నక్కలు ఎత్తుకుపోతున్నాయి. విల్లు సంగతి తెలిసి మావాణ్ణి రమ్మన్నాడు. తెల్లవారుజామున మావాడు నన్ను కూడా లాక్కెళ్ళాడు, విల్లును కర్టెన్ గుడ్డలో చుట్టి. చెకింగ్ దగ్గర పోలీసు "ఏష్ హాదా?" అని, ఇదేమిటని అడిగితే మావాడు తడుముకోకుండా "సమక్, సమక్" అన్నాడు. చేపలు పట్టే సరంజామా అనుకుని పోలీసు వదిలేశాడు. బాణాలు మాత్రం ఐసు డబ్బాలో, లబన్ మజ్జిగ సీసాల మధ్య తలకిందులుగా ఉన్నాయి. ములికిని కొయ్యకు అంటించేది లక్కలాంటి జిగురు, మంటకు కరిగించి అతకాలి. మొదటిసారి బాణాలను పికప్ డాష్‌బోర్డు మీద పెట్టాడు. సౌదీ ఎండకు జిగురు కరిగి ములుకులన్నీ తల వేలాడేశాయి. ఆయన సూర్యుడి వైపు ఒకసారి చూసి "మంచిది" అన్నాడు. అప్పటి నుంచీ ఐసు డబ్బా.

తోటలో నీళ్ళ కాలవ పక్కన కూర్చున్నాం. ఊపిరి కూడా ఆయన్ని అడిగి తీసుకోవాల్సిన పరిస్థితి. నక్క వచ్చింది. దగ్గరికి, ఇంకా దగ్గరికి. ఆయన విల్లు లాగాడు. చెంప దాకా లాగి, అలాగే ఉండి, మెల్లగా దించేశాడు. నక్క వెళ్ళిపోయింది.

"ఏమైందన్నా?"

"దాని ఎనుక ఇంకోటున్నది. సూడలే?"

చూడలేదు. నేను మొదటి నక్కనే సరిగ్గా చూడలేదు.

"ఈ ములికి తూటా లెక్క లోపల ఆగదు. కోసుకుంట అవతలికెల్లి పోతది. ఎనుక ఏదన్న నిలవడితె దాన్ని గూడ తీస్కపోతది. నాయిన ఒక్కటే జెప్పిండు. ముందటిదాని మీద ఎంత కోపమున్నా సరే, ఎనుకదాన్ని జూసి ఇడువు అని."

ఆ నక్కను మరుసటి శుక్రవారం ఒంటరిగా దొరికినప్పుడు కొట్టాడు. తోట ముసలాయన సంతోషంతో రెండు గంపల ఖర్జూరాలు ఇచ్చాడు. నేను వాటిని మోశాను. వేటలో నా పాత్ర అది.

ఇక క్యాంప్ బాస్ దగ్గరికి రావాలి. ఆయనది మా వైపే, తెనాలి దగ్గర. అందుకే మావాడు నాతో మాట్లాడేటప్పుడు ఆయన్ని "మీ ఊరాయన" అనేవాడు, ఏదో నేనే పెంచినట్టు. మా పాస్‌పోర్టులన్నీ ఆయన ఆఫీసులో ఇనప బీరువాలో ఉండేవి. తాళం ఆయన జేబులో. సంక్రాంతి దాటితే బాంబులు పడతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన జెద్దా ఆఫీసులో పనుందని చెప్పి కారెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఫోను ఎత్తలేదు. తాళం కూడా ఆయనతోనే వెళ్ళింది.

మరునాడు మావాడికి టెలిగ్రాం వచ్చింది. నాయిన పోయాడు. ఒక్కడే కొడుకు. విమానాలు ఇంకా తిరుగుతున్నాయి, టికెట్టుకు మేమందరం తలా ఒక చెయ్యి వేశాం. పాస్‌పోర్టు బీరువాలో ఉంది. పగలగొడదామని ఒకరన్నారు. సర్కారు కాగితాలున్న బీరువా, యుద్ధం రోజులు, చెయ్యి వేస్తే నేరుగా జైలేనని మేనేజరు అడ్డం నిలబడ్డాడు. మావాడు ఫోను బూతులోంచి ఊరికి చెప్పాడు, "ఆపుండ్రి, వస్తున్న." వాళ్ళు శవాన్ని ఐసు మీద పెట్టి ఆపారు. మళ్ళీ ఫోను చేశాడు, "జెర ఆపుండ్రి." ఆయన చెల్లెలు అవతల నుంచి ఏమందో నాకు వినపడలేదు. ఆయన బూతులోంచి బయటికి వచ్చి, "ఐసు కరుగుతున్నదట" అన్నాడు. బావమరిది కొరివి పెట్టాడు. ఆ తరువాత ఆకాశంలో విమానాలు ఆగిపోయి క్షిపణులు మొదలయ్యాయి. సైరన్లకు అందరం మంచాల కింద దూరితే ఆయన మంచం మీదే కూర్చునేవాడు.

యుద్ధం అయిపోయాక క్యాంప్ బాస్ తిరిగి వచ్చాడు. కొత్త బూట్లు వేసుకుని, కాస్త ఒళ్ళు చేసి. మెస్సులో అందరి ముందూ మావాడి భుజం తట్టాడు.

"అయ్యో, తాళం నా జేబులోనే ఉండిపోయిందయ్యా. నువ్వేమీ మనసులో పెట్టుకోకు."

మావాడు మీసం సర్దుకున్నాడు. మేం పళ్ళేలతో జరిగి కూర్చున్నాం.

"మంచిది" అన్నాడు.

ఆ శుక్రవారం డబ్బాలోంచి ఒక ములికి వేరుగా తీశాడు. రెండు రెక్కలది, ఇత్తడి అతుకుది, గొట్టం మీద ఆకుపచ్చ రంగు ఇంకా ఉన్నది, భుజాలు నా మూడు వేళ్ళ వెడల్పున్నది. గోడకు వేలాడిందే తప్ప ఒక్క వేట చూడనిది. అలాంటిది ఆ డబ్బాలో అదొక్కటే. దాన్ని వాడొద్దని అమెరికా ముసలాయన ప్రత్యేకంగా చెప్పాడు. మావాడు ఆకురాయి తీసి దాని అంచు మీద పెట్టాడు.

"అన్నా, అది చూసుకోవడానికే అన్నావు కదా."

"మీ ఊరాయనకు పెట్టిన."

కంపెనీ క్యాంప్ బాసును జుబైల్ క్యాంపుకు మార్చింది. దూరమైతే చల్లబడతాడని నేననుకున్నాను. ప్రతి శుక్రవారం నా బడి అయ్యాక దుప్పటి మడిచి, ఆ ఒక్కదాన్ని తీసి, ఆకురాయితో నూరేవాడు. అటు ఒకవైపు, ఇటు ఒకవైపు, తొందర లేకుండా. ఆ చప్పుడుకు నాకు పళ్ళు జివ్వుమనేవి. తరువాత నూనె గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టేవాడు. పదునున్నదాన్నే ఎందుకు మళ్ళీ నూరడమని అడిగితే, "సముద్రపు గాలి. వారం ఇడ్సిపెడితె మొద్దువడతది" అన్నాడు. ములికి గురించే చెబుతున్నాడని అప్పుడు నమ్మాను.

"అన్నా, మనిషి మీద బాణం వేస్తే ఈ దేశంలో తల తీస్తారు."

"నక్క మీదేస్తె ఖర్జూరాలిచ్చిండ్రు" అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. ములికి సన్నబడుతూ వచ్చింది. భుజాలు రెండు వేళ్ళయ్యాయి, తరువాత వేలూ కొంచెం. నాకు ధైర్యం వచ్చి ఒకసారి అన్నాను, "నీ పగ అరిగిపోతోందన్నా. ఇంకొన్నాళ్ళకు ఏమీ మిగలదు." మంచి మాట అన్నానని లోలోపల మురిసిపోయాను.

ఆయన ములికిని వెలుతురుకు పెట్టి చూశాడు. "అరుగుతలేదు సారూ. సూది అయితున్నది. ఎడల్పుది తోలు కాడ ఆగుతది. సూది లోపటికి పోతది."

ఈలోగా కంపెనీ జుబైల్ క్యాంపు ఎత్తేసి మాలో కలిపింది. అప్పటికి మావాడు మా క్యాంపుకు ఇన్‌ఛార్జి. బీరువా అదే, తాళం చెవి మాత్రం ఇప్పుడు ఆయన నడుముకు వేలాడేది. తెనాలి ఆయన మామూలు గుమాస్తాగా, తన పాస్‌పోర్టు తానే తెచ్చి ఆ బీరువాలో పెట్టించుకోవాల్సిన మనిషిగా వచ్చాడు. "నమస్కారం అన్నగారూ" అన్నాడు. వయసులో తానే పెద్ద. మావాడు లేచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, కిటికీ పక్క మంచం ఇప్పించాడు. అంత మర్యాద చూసి క్యాంపులో మాకెవ్వరికీ నిద్ర పట్టలేదు. తెనాలి ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. "పాతవేవీ మనసులో పెట్టుకోని మనిషండీ" అని నాతోనే అన్నాడు.

ఆ తరువాత ఆయన తల్లి పోయిందని ఫోను వచ్చింది. ఒక్కడే కొడుకు.

వారం మధ్యలో ఒక పొద్దున అది. నేను స్టోరు తాళం చెవుల కోసం గదికి వెళ్తే మావాడు మంచం మీద దుప్పటి పరిచి, ములుకులు వరసగా పెట్టి, చేతిలో ఆకురాయి పట్టుకుని ఉన్నాడు. శుక్రవారం కాని రోజు ఆయన ఆకురాయి తీయడం నేను ఎన్నడూ చూడలేదు. ఎదురుగా తెనాలి ఆయన, నలిగిన చొక్కా, ఏడ్చిన కళ్ళు.

"మేనేజరు గారు సంతకం పెట్టేశారు అన్నగారూ. సాయంత్రం విమానం ఉంది. పాస్‌పోర్టు ఒక్కటి తీసిస్తే..."

"కూసోండ్రి."

"టైము లేదండీ. వీసా ముద్ర కూడా వేయించాలి."

"కూసోండ్రి" అని, ఒక ములికి ఆయన చేతిలో పెట్టాడు. "గిదేందో జెప్పుండ్రి."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నాకు తెలీదండీ."

"గొట్టానికి సీలికున్నది జూడుండ్రి. అండ్ల రెక్క ఉండాలె. లేదు. లేనిది గూడ సూడాలె." తిరిగి తీసుకుని రెండోది ఇచ్చాడు. "ఇది?"

"అన్నగారూ, మా అమ్మని ఐసు మీద పెట్టారండీ."

ఆకురాయి ఒకసారి గరగరమంది. "ఐసు కరుగుతది" అన్నాడు మావాడు, వాన వస్తుందన్నట్టు. "గిది జెప్పుండ్రి."

అలా డబ్బాలో ఉన్నవన్నీ ఆయన చేతిలోంచి వెళ్ళాయి. ఒక్కోదానికీ మావాడు అతుకూ రంగూ తుప్పూ ఓపికగా వివరించాడు, నాకు చెప్పినంత ఓపికగానే. తెనాలి ఆయన ప్రతిదానికీ "అవునండీ, అవునండీ" అంటున్నాడు. నేను ఒకసారి "అన్నా" అన్నాను. "పాఠం నడుస్తున్నది" అన్నాడు. చివరికి నూనె గుడ్డ విప్పి ఆ సన్నటిదాన్ని తీశాడు.

"ఇది గుర్తువట్టుండ్రి."

"సూదండీ?"

"సూది గాదు. ఇదొకప్పుడు మూడు వేళ్ళుండె. మీరు జెద్దాకెల్లి వచ్చి నా భుజం తట్టిన వారం నుంచి నూరుతున్న. మీ పేరు మీదనే."

తెనాలి ఆయన ముఖంలో ఏ అవయవం ఎక్కడ ఉండాలో మర్చిపోయినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, తాళం, మెస్సు, కొత్త బూట్లు. గుర్తుపట్టడం అంటే ఏమిటో ఆ పొద్దున ఆయన ముఖంలో చూశాను.

బయట హారన్ మోగింది. కడప నుంచి వచ్చిన మా డ్రైవరు భాయ్ తలుపులో నిలబడ్డాడు. "ముద్దర పడిందన్నా. జవాజాత్ ఆఫీసు తెరవక ముందే లైన్లో నిలబడితి. ఇదో పాస్‌పోర్టు, ఇదో టికెట్టు. బిరీన బయల్దేరమను, దారిలో రద్దీ ఉండాది."

మావాడు తెల్లవారకముందే బీరువా తీసి, పాస్‌పోర్టు ఇచ్చి భాయ్‌ని పంపించేశాడన్నమాట. ఆ ముద్ర పడి వచ్చేదాకా ఎలాగూ ఆగాలి. ఆ ఆగే సమయాన్ని మాత్రం తన కోసం వాడుకున్నాడు.

తెనాలి ఆయన ఒక్కసారిగా వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. మావాడు మంచం మీదికి కాళ్ళు ముడుచుకున్నాడు.

"ముట్టకుండ్రి. మిమ్ముల ఇడ్సిపెట్టలే నేను. పోయి రాండ్రి. మంచిది."

కారు వెళ్ళిపోయింది. గదిలో ఇద్దరం మిగిలాం. "క్షమించేశావు అన్నా" అన్నాను.

"ఎవలన్నరు?"

"మరి పంపించావు కదా."

"సచ్చినామెతోని నాకేం పగ?" ములికిని నూనె గుడ్డలో చుడుతున్నాడు. "వాని ఎనుక ఆమె నిలవడ్డది. ఇడిస్తె వాని కాడ ఆగుతదా? ముసలామెను గూడ కోస్తది. దినాలైపోని. ఆమె పక్కకు జరిగినంక వస్తడు గదా, అప్పుడు సూద్దాం."

వస్తాడని ఎదురుచూశాడు. తెనాలి ఆయన రాలేదు. సెలవు అయిపోయింది, వీసా గడువు అయిపోయింది, మంచం కింద ఆయన పెట్టె అలాగే ఉండిపోయింది. ఆ పొద్దుటి తరువాత సౌదీ వైపు తిరిగి చూసే ధైర్యం ఆయనకు లేకపోయిందని మా వాళ్ళు అనుకున్నారు. మావాడు ఆ పెట్టె మీద దుమ్ము తుడిపించి కిటికీ పక్క మంచాన్ని ఎవరికీ ఇవ్వకుండా చాలాకాలం ఖాళీగా ఉంచాడు. శుక్రవారాలు మళ్ళీ మామూలుగా నడిచాయి.

నేను ముందు ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేశాను. ఆయన తరువాత వచ్చి మక్క చేను చేసుకున్నాడు. పండక్కో పబ్బానికో ఫోను చేసేవాడు. "సీలిక ఎందుకున్నది?" అనేది ఆయన పలకరింపు.

అల్లుడు డబ్బా మూత తీశాడు. మొదటిది నా చేతిలో పెట్టాడు, మామ చెప్పినట్టే ఏమీ చెప్పకుండా. నాలుగు రెక్కలది, రెండు పోయాయి అన్నాను. రెండోది ఈల వేసేది అన్నాను. అయస్కాంతం పట్టనిది, తుప్పు అంచు దాకా తిన్నది, రివెట్లది. చెబుతూ పోయాను. తప్పుతానేమోనని అల్లుడికి నాకన్నా ఎక్కువ బెంగగా ఉంది. వాపసు మోసుకుపోవాలంటే ఎవరికైనా బెంగే. అన్నీ సరిగ్గా వచ్చాయి. చెప్పడానికి ఆయన లేని రోజున నాకు విద్య వచ్చింది.

"ఇంకోటున్నది" అన్నాడు అల్లుడు.

నూనె గుడ్డ విప్పాడు. గొట్టం మీద గోరంత ఆకుపచ్చ రంగు. అతుకు వెంట పసుపు గీత. భుజాలు లేవు. అగ్గిపుల్ల కంటే కొంచెం వెడల్పుగా, వంకర లేకుండా ఉంది.

"గిదొక్కటి ఏందో మాకు గూడ తెల్వది. ఏం పనికస్తదని అడిగితె నవ్వేది."

"ఇది ఎవరిదో నాకు తెలుసు" అన్నాను.

బొటనవేలు ముందుకు చాచి, అంచును గోరు మీద ఏటవాలుగా ఆనించాను. నొక్కలేదు.

జారలేదు.